ముఖం వెనక్కి... ప్రయాణం ముందుకి!

*నాలుగేళ్లు నిండిన పిల్లాడు కారులో ఎటు తిరిగి కూర్చోవాలి? 'ముందుకే... అందులో అడగడానికేముంది?' అంటారు తాతయ్యలు. 'వెనక్కి తిరిగి కూర్చుంటేనే క్షేమం' అంటారు విదేశాల నుంచి వచ్చిన కొడుకులూ కోడళ్లూ. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గాలి? కాస్త వివరంగా చూద్దాం.*

సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో కాలిఫోర్నియా నుంచి కొడుకు కుటుంబం వస్తోందంటే రాయదుర్గంలో ఆ ఇంటి హడావుడే వేరు. బెంగళూరు విమానాశ్రయానికి కారు మాట్లాడతారు. దారిలో తినడానికి ఓళిగలు కట్టుకుంటారు. అంతా బాగానే ఉంటుంది... కొడుకు సామానుతోపాటు ఓ పెద్ద ప్లాస్టిక్ కుర్చీని తెచ్చి, కారు వెనక సీట్లో బెల్టుతో బిగించి, నాలుగున్నరేళ్ల మనవణ్ని అందులో వెనక్కి తిప్పి కూర్చోబెట్టేదాకా!

అక్కడ మొదలవుతుంది అసలు చర్చ.

''ఏంరా నాయనా, పిల్లోన్ని అట్ల వెనక్కి తిప్పినారు? కాళ్లు ముడుచుకోని ఎంతసేపని కూర్చుంటాడు? నాకియ్యండి, ఒళ్లో పెట్టుకుంటా'' అంటుంది అవ్వ.

''వాడికి ఇది అలవాటే అత్తమ్మా, అక్కడా ఇట్లనే కూర్చుంటాడు'' అని కోడలు నచ్చజెబుతుంది.

''మేమంతా ఎద్దుల బండ్లో పోయినోళ్లమే కదమ్మా. మాకేమైంది?'' అని ముందు సీట్లోంచి తాత అందుకుంటాడు.

ఇలాంటి మాటలు ఒక్క రాయదుర్గంలోనే కాదు... విదేశాల్లో పిల్లలున్న తెలుగిళ్లు ఎన్నింటిలోనో వినిపిస్తుంటాయి. విదేశాల సంగతి పక్కన పెట్టినా, ఈమధ్య మన ఊళ్లలోనూ కార్లు పెరిగాయి. జీన్సు దుస్తుల కుట్టుపనికి పేరున్న రాయదుర్గం నుంచి ఆసుపత్రికనో, బట్టల బేరానికనో బళ్లారికీ అనంతపురానికీ కారులో వెళ్లొచ్చే కుటుంబాలు తక్కువేం కాదు. కాబట్టి ఇది అమెరికా వాళ్ల గొడవ అనుకుని వదిలేయాల్సిన విషయం కాదు.

ఎద్దుల బండికీ కారుకీ తేడా

తాత మాటలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఎద్దుల బండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది. కారు యాభై, ఎనభై, వంద మీద పోతుంది. తేడా అంతా ఆ వేగంలోనే ఉంది.

ఓ చిన్న లెక్క వేద్దాం. పిల్లాడి బరువు 15 కిలోలు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేనినో గుద్దుకుని, సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో పిల్లాణ్ని ఆపాలంటే రెండు క్వింటాళ్లకు పైగా బరువును పట్టుకున్నంత బలం కావాలి. ఏ తల్లి చేతులకు అంత శక్తి ఉంటుంది? ఒళ్లో పెట్టుకోవడం ప్రేమే... కానీ రక్షణ మాత్రం కాదు. పైగా పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ల బరువంతా బిడ్డమీదే పడుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి... అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడటంతో సమానం. మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని అటువైపు వెళ్లనివ్వం కదా! కారులో సీటు కూడా అలాంటి పిట్టగోడే.

వెనక్కే ఎందుకు?

సరే, సీటు ఉండాలి. మరి ముఖం వెనక్కే ఎందుకు?

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దయ్యేసరికి అది ఏడో వంతు, ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. నాలుగేళ్ల వయసులోనూ ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువే. ఆ తలను మోసే మెడ మాత్రం ఇంకా లేతగానే ఉంటుంది. మెడ ఎముకలు పుట్టినప్పుడు ఒకే ముక్కగా ఉండవు. మృదులాస్థితో అతుక్కున్న చిన్న చిన్న భాగాలుగా ఉంటాయి. వాటిలో ముఖ్యమైన అతుకులు గట్టిపడేది సుమారు మూడు నుంచి ఆరేళ్ల మధ్యే.

ఇప్పుడు కారు ముందు నుంచి గుద్దుకుందనుకోండి. ముందుకు తిరిగి కూర్చున్న పిల్లాడి భుజాలను, నడుమును బెల్టులు పట్టి ఉంచుతాయి. తలను పట్టుకునేది మాత్రం ఏదీ ఉండదు. అది ఒక్కసారిగా ముందుకు విసురుకుపోతుంది. ఆ బరువంతా లేత మెడ మీదే పడుతుంది. అదే వెనక్కి తిరిగి కూర్చుంటే? తల, మెడ, వీపు... మూడూ కలిసి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. దెబ్బ ఒకచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. చేత్తో గుడ్డును పట్టుకోవడానికీ, వేలితో నొక్కడానికీ ఉన్నంత తేడా!

'మరి వెనక నుంచి లారీ గుద్దితే?' అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రాణాంతకమైన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ముందు నుంచి గుద్దుకునేవే. వెనక నుంచి తగిలినప్పుడు రెండు బండ్లూ సాధారణంగా ఒకే దిశలో వెళ్తుంటాయి కాబట్టి దెబ్బ తీవ్రత తక్కువగా ఉంటుంది.

రాకెట్టు నేర్పిన పాఠం

ఈ ఆలోచన పుట్టింది స్వీడన్‌లో. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు, పరిశోధకుడు 1960లలో అమెరికా వ్యోమగాముల సీట్లను గమనించాడు. రాకెట్టు ఎగిరేటప్పుడు పడే ఒత్తిడంతా వాళ్ల వీపు మీద సమంగా పడేలా ఆ సీట్లు అమర్చి ఉన్నాయి. 'పిల్లల్ని కూడా ఇలాగే కూర్చోబెడితే?' అనుకున్నాడు. 1964లో వోల్వో కారులో తొలి నమూనాను పరీక్షించారు. అప్పటి నుంచి స్వీడన్‌లో పిల్లల్ని నాలుగేళ్లు వచ్చేదాకా వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం ఆనవాయితీగా మారింది. అక్కడ దీన్ని ఎవరూ వింతగా చూడరు. మెడ మీద పడే ఒత్తిడిని కొలిచే 'ప్లస్ టెస్ట్' అనే ప్రత్యేక పరీక్ష కూడా అక్కడ ఉంది.

ఐరోపాలో కొత్త నిబంధన కింద తయారైన సీట్లలో కనీసం 15 నెలలదాకా వెనక్కే తిప్పి ఉంచాలి. కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి రెండేళ్లలోపు పిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవడం చట్టం. బిడ్డ బరువు 18 కిలోలు దాటినా, ఎత్తు 40 అంగుళాలు దాటినా మినహాయింపు ఉంటుంది.

వయసా... బరువా?

ఇక్కడే అసలు మెలిక ఉంది. రెండేళ్లు, నాలుగేళ్లు అంటున్నారు సరే. నాలుగున్నరేళ్ల వాడి సంగతేంటి?

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో 'రెండేళ్లదాకా వెనక్కే' అని సలహా ఇచ్చింది. దానికి ఊతంగా నిలిచిన వాటిలో 2007లో వచ్చిన ఓ అధ్యయనం ముఖ్యమైనది. ముందుకు తిరిగి కూర్చున్న చిన్నారులకు ముప్పు చాలా ఎక్కువని అది చెప్పింది. అయితే ఆ తర్వాత అవే లెక్కలు మళ్లీ వేసి చూస్తే అదే ఫలితం రాలేదు. దాంతో ఆ అధ్యయనాన్ని ఉపసంహరించారు. తిరిగి పరిశీలించినప్పుడు తేలిందేమిటంటే... సీట్లో సరిగ్గా బిగించిన చిన్నపిల్లలకు ఎటు తిరిగి కూర్చున్నా తీవ్రమైన గాయాలు అరుదే. అంత తక్కువ సంఖ్యతో గట్టి తేడాను నిరూపించడం కష్టం.

మరి వెనక్కి తిప్పడం వృథా ప్రయాసేనా? కాదు. స్వీడన్ దశాబ్దాల అనుభవం, ప్రయోగశాలల్లో బొమ్మలతో చేసిన పరీక్షలు, శరీర నిర్మాణం... మూడూ వెనక వైపునకే మొగ్గు చూపుతున్నాయి. అందుకే 2018లో ఆ సంఘం సలహాను మార్చింది. రెండేళ్లన్న గీతను తీసేసింది. 'సీటు తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువు లేదా ఎత్తుకు చేరేదాకా వీలైనంత కాలం వెనక్కే కూర్చోబెట్టండి' అంది. అంటే చూడాల్సింది పుట్టినరోజు కాదు... తూకం, కొలబద్ద!

ఈ కోణంలో చూస్తే మన పిల్లల విషయం ఆసక్తికరంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం నాలుగేళ్లు నిండిన మగపిల్లాడి సగటు బరువు 16.3 కిలోలు, ఆడపిల్లది 16.1 కిలోలు. కరవు సీమలో పద్నాలుగు, పదిహేను కిలోల దగ్గరుండే నాలుగేళ్ల పిల్లలు ఎంతోమంది కనిపిస్తారు. అమెరికాలో అమ్మే సీట్లు చాలావరకు 18 కిలోలదాకా, కొన్ని అంతకుమించి కూడా వెనక్కి తిప్పి వాడుకునేలా ఉంటాయి. కాబట్టి మన నాలుగున్నరేళ్ల చిన్నారి 15 కిలోలే ఉంటే... ఎత్తు కూడా సరిపోతే, వెనక్కి కూర్చోవడానికి ఇంకా సమయం ఉన్నట్టే.

అదే మన దగ్గర అమ్మే సీట్లలో చాలావాటికి వెనక్కి తిప్పే పరిమితి 13 కిలోలే. సగటు పిల్లాడు రెండున్నరేళ్లకే ఆ బరువుకు వచ్చేస్తాడు. అలాంటప్పుడు బలవంతంగా వెనక్కే కూర్చోబెట్టడం తప్పు. పరిమితి దాటితే ఆ సీటు తట్టుకోవాల్సిన దెబ్బను తట్టుకోలేకపోవచ్చు. అప్పుడు అదే సీటును ముందుకు తిప్పి, అయిదు చోట్ల బిగించే బెల్టులతో కూర్చోబెట్టడమే సరైన పద్ధతి.

మరి కాళ్లో?

అవ్వ బెంగ కాళ్ల గురించే కదా! నిజానికి పిల్లలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. మన పిల్లలు అన్నం ముందు కూర్చున్నా, అంగన్‌వాడీలో పాట పాడినా బాసింపట్టు వేసుకునే కదా కూర్చునేది! సీట్లోనూ అంతే. బాసింపట్టు వేసుకుంటారు, లేదంటే కాళ్లను సీటు వీపుకు ఆనించి పైకి పెట్టుకుంటారు. ఇంకో విశేషం ఏమిటంటే, ముందుకు తిరిగి కూర్చున్న పిల్లలకే కాళ్ల దెబ్బలు ఎక్కువగా తగులుతుంటాయి. ప్రమాదంలో వాళ్ల కాళ్లు ముందు సీటు వీపును బలంగా తాకడమే కారణం. ఒకవేళ కాలు విరిగినా అతుక్కుంటుంది. మెడ సంగతి అలా కాదు.

వాంతుల సమస్య ఉన్న పిల్లలు కొందరికి వెనక్కి తిరిగితే ఇబ్బందిగా ఉండొచ్చు. మధ్యమధ్యలో ఆపడం, బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకపోవడం మేలు చేస్తాయి. అప్పటికీ తట్టుకోలేకపోతే, నాలుగేళ్లు దాటిన బిడ్డను ముందుకు తిప్పి బెల్టులు సరిగ్గా బిగించడం తప్పేమీ కాదు. ఏడుస్తున్నాడని సీట్లోంచి తీసేసి ఒళ్లోకి తీసుకోవడమే పెద్ద తప్పు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఆరుబయట నిలిపిన కారు కొలిమే. బెల్టు బకిల్ ముట్టుకుంటే చేయి కాలుతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్ల పంచె కప్పండి. పిల్లాణ్ని కూర్చోబెట్టే ముందు బకిల్‌ను మీ చేత్తో తాకి చూడండి. వెనక్కి తిరిగిన సీట్లోకి ఏసీ గాలి నేరుగా రాదు. అందుకే ముందుగానే కారును చల్లబరచాలి. ఎంత అవసరం పడినా పిల్లల్ని ఆగిన కారులో ఒంటరిగా వదలకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలోనూ చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు లేదా పిల్లల భద్రతా సీటు లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. అయితే ఎటు తిప్పి కూర్చోబెట్టాలన్నది ఈ సెక్షన్‌లో లేదు. ఆ నిర్ణయం తల్లిదండ్రులదే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవాళ్లు 1,68,491 మంది. సీటు బెల్టు పెట్టుకోకుండా చనిపోయినవాళ్లే 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అదే ఏడాది సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వెనక సీట్లో కూర్చుని ప్రాణాలు కోల్పోయాక 'వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలా?' అన్న చర్చ ఇంటింటా జరిగింది. 2023 అక్టోబరు 1న మొదలైన 'భారత్ ఎన్‌క్యాప్' కార్ల పరీక్షల్లో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మల్ని కూర్చోబెట్టి మరీ చూస్తున్నారు. కారు కొనేటప్పుడు మైలేజీ ఎంత అని అడిగినట్టే, పిల్లల భద్రతకు ఎన్ని స్టార్లు వచ్చాయని కూడా అడగొచ్చు.

కార్ల సంగతి సరే... మన ఊళ్లలో ఎక్కువమంది పిల్లలు తిరిగేది బైకు మీదే. వాళ్లకూ నిబంధన ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి, బైకు మీద నాలుగేళ్లలోపు పిల్లలుంటే వాళ్లను నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి.

విదేశీ సీటు... స్వదేశీ కారు

అమెరికా నుంచి సీటు తెచ్చుకునేవాళ్లు ఓ విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి కార్లలో సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే అది బిగుసుకుపోయి కదలకుండా పట్టుకుంటుంది. మన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. సడన్ బ్రేకు వేసినప్పుడే బెల్టు బిగుస్తుంది. కాబట్టి సీటులోనే బెల్టును పట్టి ఉంచే బిగింపు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే 'లాకింగ్ క్లిప్' అనే చిన్న లోహపు ముక్క కావాలి. కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే పని తేలిక.

అద్దె కారు మాట్లాడేటప్పుడు ఇంకో తిప్పలుంది. అందంగా ఉంటుందని వేసిన సీటు కవర్ల కింద వెనక బెల్టుల బకిళ్లు మాయమైపోతాయి! 'వెనక బెల్టులు పైకి తీసి ఉంచన్నా' అని డ్రైవరుకు ముందు రోజే ఫోన్ చేసి చెప్పడం మంచిది.

నిర్ణయం ఇలా...

* ముందు పిల్లల బరువు, ఎత్తు కొలవండి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది. రెండు నిమిషాల పని.

* సీటు మీది స్టిక్కర్ చదవండి. వెనక్కి తిప్పినప్పుడు గరిష్ఠ బరువు, ఎత్తు ఎంతో రాసి ఉంటుంది. బిడ్డ ఆ రెండింటిలోపే ఉంటే వెనక్కే ఉంచండి. ఏ ఒక్కటి దాటినా ముందుకు తిప్పండి.

* అమెరికా సీట్లలో సాధారణంగా తల పైభాగం సీటు అంచుకు కనీసం అంగుళం కింద ఉండాలి.

* వెనక్కి తిరిగినప్పుడు భుజం పట్టీలు భుజాలకు సమంగా లేదా కాస్త కింద నుంచి రావాలి. ముందుకు తిప్పితే భుజాలకు సమంగా లేదా కాస్త పై నుంచి రావాలి.

* భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో పట్టి మడతపెట్టి చూడండి. మడత వేళ్లకు చిక్కిందంటే ఇంకా బిగించాలి.

* బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు.

* ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిప్పిన సీటును ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ తల వెనక తగులుతుంది.

* ఎవరో వాడేసిన సీటు తీసుకునేటప్పుడు అది ప్రమాదంలో చిక్కుకుందా, గడువు తేదీ దాటిందా అని అడగండి.

ఒక్కమాట మాత్రం మరిచిపోవద్దు. వెనక్కా ముందుకా అన్న తేడా కంటే, సీటు ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడానే చాలా పెద్దది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో సరైన సీటు మరణాల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. కాబట్టి వెనక్కి తిప్పే సీటు దొరకలేదని దిగులు పడొద్దు. ఉన్న సీటును సరిగ్గా వాడండి. అసలు సీటే లేకపోతే వెనక సీట్లో, పిల్లాడికి వేరుగా ఓ బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. అది పూర్తి రక్షణ కాదు, కానీ ఒడి కన్నా నయం.

మళ్లీ మన కారు దగ్గరికొద్దాం. మనవడి బరువు 15 కిలోలు. సీటు పరిమితి 18. తల పైన ఇంకా రెండంగుళాల జాగా ఉంది. అంటే లెక్క తేలిపోయినట్టే... వాడు వెనక్కే కూర్చోవాలి. అవ్వకు బాధ లేకుండా ఓ ఉపాయం కూడా ఉంది. ఆమె వాడి పక్కనే కూర్చుంటే చాలు. వెనక్కి తిరిగిన సీట్లో పిల్లాడి ముఖం రోడ్డు వైపు కాకుండా పక్కనున్నవాళ్ల వైపే ఉంటుంది కదా! కల్యాణదుర్గం దాటేదాకా కథలు చెప్పొచ్చు, ఓళిగ ముక్కలు తుంచి పెట్టొచ్చు. రాయదుర్గం కోట కొండ కనిపించేసరికి వాడు సీటు వీపుకు తలానించి హాయిగా నిద్రపోతుంటాడు. తాత కూడా అప్పటికి తన బెల్టు తానే పెట్టుకుని ఉంటే... ఆ ప్రయాణం అన్ని విధాలా క్షేమంగా ఇల్లు చేరినట్టే!